మీ వీలు చూసుకుని

అక్టోబరు 9

అల్లుడుగారికి,

మేం ముగ్గురం చేరాం. క్షేమం అని రాయబోయి ఆగాను. ఒక స్కూలు ఆటల హాల్లో నూట నలభై మంది మధ్య, నెట్‌బాల్ కమ్మీకి చొక్కా ఆరేసుకుని బనీనుతో కూర్చున్న మనిషిని క్షేమం అనొచ్చో అనకూడదో మీరే తేల్చుకోండి.

రెండు రోజుల ప్రయాణం అన్నారు, మూడున్నర రోజులు పట్టింది. నలభై సీట్ల బస్సులో డెబ్భై ఒక్క మందిమి. ముప్ఫై ఏళ్ళు తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, కళ్ళ ముందున్నదాన్ని లెక్కపెట్టకుండా ఉండలేను. దారిలో విమానం చప్పుడు వినిపించినప్పుడల్లా డ్రైవరు బస్సు ఆపి అందరినీ కాలవలోకి దింపాడు. మీ కూతురికి అది మహా సరదాగా ఉంది. దాన్ని పిడుగు అని ఎవరు పిలవడం మొదలుపెట్టారో గాని, ఆ డ్రైవరు మాత్రం ఆ మాట ఒప్పుకుంటాడు.

ఇక అసలు సంగతి. "మీరు పదండి, తర్వాత బస్సుకి వచ్చేస్తాను" అని మీరు కిటికీ దగ్గర నిలబడి చెప్పారు. మా వెనక సీట్లో మీ ఆస్పత్రి వంటావిడ కూర్చుంది. రెండోరోజు మధ్యాహ్నం ఆవిడ మా అమ్మాయి భుజం తట్టి, "మీ ఆయన ఎంత మంచివాడమ్మా! ఎవరూ ముందుకి రాకముందే, యుద్ధం అయ్యేదాకా ఆస్పత్రిలోనే ఉండిపోతానని సంతకం పెట్టేశాడు" అంది. మెచ్చుకుంటూనే అంది పాపం. మా అమ్మాయి ముఖం చూశాక నోరు నొక్కుకుంది.

ఇక జన్మలో మీకు ఒక్క ముక్క కూడా రాయనని మా అమ్మాయి పిడుగు నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టేసింది. పిడుగు "అమ్మా, చెయ్యి బరువు" అని తల లాక్కుంది. అంచేత ఈ రాయబారం నా మెడకి చుట్టుకుంది.

మీకు బుద్ధులు చెప్పేటంతవాణ్ణి కాను. మీ అత్తగారు పోయాక మీరిద్దరూ వచ్చి నన్ను ఈ పరాయి దేశానికి తీసుకొచ్చారు. వరండా పక్క గది నాకిచ్చారు. ఆరేళ్ళుగా మీ ఇంట్లో ఉంటున్న మనిషిని, నోరెత్తకూడదు. ఎత్తడం లేదని గమనించగలరు.

ఆశీస్సులతో,
మీ మామ


అక్టోబరు 27

మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మందుల లారీలో వచ్చింది. ఇక్కడ ఫోన్లు లేవు, పోస్టు లేదు. వారానికోసారి వచ్చే ఆ లారీ డ్రైవరే మాకు పోస్ట్‌మేన్. మీ కవరు మీద టీ మరక అతనిదే.

సంతకం పెట్టిన మాట నిజం. ఆస్పత్రిలో నాలుగు లిఫ్టులున్నాయి. ఆపరేషన్ గది ఆరో అంతస్తులో. లిఫ్టు ఆగిందంటే మనిషిని మెట్ల మీద మొయ్యాలి, ప్రతి మలుపులోనూ స్ట్రెచర్ని తలకన్నా ఎత్తు లేపి తిప్పాలి. నాతో పనిచేసే మెకానిక్‌లు ఇద్దరూ మొదటి బస్సుకే వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టను. ఆ ముసలి లిఫ్టుల రోగాలు తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే.

బస్సు దగ్గర నిజం చెప్తే మీ అమ్మాయి దిగిపోయేది. ఆవిడ దిగితే పిల్ల దిగేది, పిల్ల దిగితే మీరు దిగేవారు. అబద్ధం చెప్పాను. మళ్ళీ ఆ బస్సు దగ్గర నిలబెట్టినా అదే చెప్తాను. ఈ మాట ఆవిడకి ఎలా చెప్తే బాగుంటుందో మీకే తెలుసు. మీ వీలు చూసుకుని చెప్పండి. ఒక చీటీ కూడా పెట్టాను, ఆవిడ చేతికివ్వండి.

ఇల్లు బాగానే ఉంది. నాలుగంతస్తులూ నీళ్ళు బకెట్లతో మోస్తున్నాం. ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేసేవాణ్ణి, సొంత బిల్డింగులో లిఫ్టుకి కరెంటు లేదు. ఎదురింటి టీచరమ్మ రోజూ దీనిమీద ఒక జోకు వేస్తుంది, రోజూ అదే జోకు.

మీ అల్లుడు


డిసెంబరు 2

అల్లుడుగారికి,

ఆటల హాలు వదిలి రెండు గదుల వాటాలోకి మారాం. కింద డ్రైక్లీనింగ్ షాపు. పగలంతా ఆవిరి పైకి తన్నుకొస్తుంది, నా కళ్ళజోడు తుడిచి తుడిచి అరిగిపోతోంది. షాపు ఆవిడే ఇంటి ఓనరు. మా అమ్మాయికి ఇస్త్రీ పని ఇచ్చింది. బట్టలు కిలోల లెక్కన తీసుకునే ఆవిడ కాటా చూశాను, తప్పుడు కాటా. కిలోకి ఇరవై గ్రాములు ఆవిడ వైపే మొగ్గుతోంది. చెప్దామంటే మా అమ్మాయి "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, నోర్మూసుకో" అంది. ఇల్లు పోతుందని భయం. నోర్మూసుకున్నాను. రాత్రి పడుకున్నా ఆ కాటాయే కళ్ళముందుంటోంది.

పిడుగు బడికెళుతోంది. ఇక్కడి పిల్లల యాస అప్పుడే పట్టేసింది. ఆ యాసలో నన్ను తిడుతోంది, నాకు అర్థం కాదనుకుని.

మీ చీటీ మా అమ్మాయికిచ్చాను. తీసుకుంది. విప్పలేదు. కోపం ఇంకా తగ్గినట్టు లేదు. నేను మధ్యలో ఏం చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంది. మీరు తొందరపడి మళ్ళీ రాయకండి, కాస్త ఆరనివ్వండి.

మరో చిన్న విషయం. నా గది కిటికీ బోల్టు సరిగ్గా పడదు. గాలికి తెరుచుకుంటే లోపల వాన పడుతుంది. మీకున్న పనుల్లో ఇదొకటా అనుకోకపోతే, మీ వీలు చూసుకుని ఒకసారి చూడండి.

మీ మామ


జనవరి 11

మామగారికి నమస్కారాలు.

క్షమించాలి, మూడు వారాలు రాయడం కుదరలేదు. రెండో నంబరు లిఫ్టు తాడు తెగింది. మనుషులెవరూ లేరు లోపల. మూడో నంబరు నుంచి భాగాలు పీకి దానికి వేశాను, ఇప్పుడు మూడోది లేదు.

చీటీ విప్పలేదన్నారు. సరే. ఆవిడ కోపం నాకు తెలియనిది కాదు.

మీ గది కిటికీ గురించి బెంగ పెట్టుకోకండి. ఆ కిటికీతో ఇక ఇబ్బంది లేదు.

పిడుగుకి కొత్త చెప్పులు కావాలేమో చూడండి. దాని కాలు ఎంత పెరిగిందో ఒక కాగితం మీద గీసి పంపగలరా?

మీ అల్లుడు


మార్చి 28

అల్లుడుగారికి,

యుద్ధం అయిపోయిందని పొద్దున రేడియోలో చెప్పారు. షాపు ఆవిడ ఇస్త్రీ పెట్టెలన్నీ ఆపేసి వీధిలోకి పరిగెత్తింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నన్ను కావిలించుకుని బుగ్గ మీద ముద్దు పెట్టాడు. ఇంకో పది నిమిషాలకి పిడుగు వచ్చి, "తాతా, ఇంక ఇంటికెళ్ళిపోతామా?" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ ముద్దు పెట్టినవాడు చూసి మళ్ళీ వచ్చి ఇంకోటి పెట్టాడు.

పిడుగు కాలు గీసిన కాగితం జతచేశాను. మడమ దగ్గర గీత వంకర, అది కదిలింది.

మా అమ్మాయి సూట్‌కేసు సర్దేసింది. వచ్చే వారం నుంచి ప్రతి గురువారం ఇక్కణ్ణుంచి బస్సులు నడుస్తాయట. మీకు సెలవు దొరకాలి, ఆస్పత్రిలో పనులుంటాయి, నాకు తెలుసు. మీరెప్పుడంటే అప్పుడే. మీ వీలు చూసుకుని.

మీ మామ


ఏప్రిల్ 19

మామగారికి నమస్కారాలు.

కాలు కాగితం గోడకి అంటించాను. ఆరు నెలల్లో ఇంత పెరిగిందా?

ఆస్పత్రి ఇంకా నిండా జనమే. యుద్ధం ఆగిందని గాయాలు ఆగవు కదా. సెలవు అడిగితే పెద్ద డాక్టరు నా వంక చూసిన చూపుకి మళ్ళీ అడగలేదు. ఇంట్లో చిన్నచిన్న రిపేర్లు కూడా ఉన్నాయి. మీరు మాత్రం తొందరపడి అవస్థ పడకండి. ప్రయాణం ఎప్పుడు పెట్టుకుంటే బాగుంటుందో మీ వీలు చూసుకుని చెప్పండి. జూన్ అయితే అన్నివిధాలా బాగుంటుంది.

ఆవిడ ఏమైనా అందా?

మీ అల్లుడు


జూన్ 14

అల్లుడుగారికి,

జూన్ వచ్చింది, సగం వెళ్ళింది కూడా. సూట్‌కేసులోంచి ఒక్కో చీరా తీసి మళ్ళీ అలమార్లో పెట్టుకుంటోంది మా అమ్మాయి. నేను చూడనట్టు కూర్చుంటున్నాను.

అలిగానని అనుకోకండి. కాని మా ఇళ్ళల్లో ఆడపిల్ల పుట్టింటివాళ్ళ దగ్గర ఉంటే అల్లుడొచ్చి తీసుకెళ్ళడం పద్ధతి. తండ్రే పిల్లని వెంటబెట్టుకెళ్ళి గుమ్మం ముందు దించితే, వద్దన్నదాన్ని అంటగట్టినట్టు ఉంటుంది. ఇది పుట్టిల్లా అంటే కాదు, తప్పుడు కాటా మీద అద్దె గదులు. అయినా తండ్రినంటూ నేనొకణ్ణి ఉన్నాను. మీరు పద్ధతి తెలియనివారు కారు. తెలిసీ రాలేదంటే ఏమనుకోవాలి?

ఎదురింటి టీచరమ్మ మా అమ్మాయికి కార్డు రాసింది. నా గది సామానంతా హాల్లోకి చేర్చారట, గదిలో రోజూ ఎవరో పనివాళ్ళు తిరుగుతున్నారట, అద్దెకిస్తున్నట్టున్నారు అని రాసింది. సంతోషం. ఇల్లు మీది. ఊళ్ళో సగం ఇళ్ళు కూలిపోయాయి, చోటు లేక జనం అల్లాడుతుంటే ఒక గది ఊరికే ఉంచడం పాపం కూడాను. ఒక్కమాట నాతో అని ఉంటే నేనే ఇచ్చెయ్యమనేవాణ్ణి.

నా గురించి ఆలోచించకండి. ఇక్కడ మునిసిపాలిటీవాళ్ళు ముసలివాళ్ళకి ఒక హాస్టలు పెట్టారు. వెళ్ళి చూసొచ్చాను. మంచానికి మంచానికి మధ్య నా అడుగుతో రెండడుగులుంది, గాలి బాగానే వస్తుంది. మీరు వచ్చి మీ వాళ్ళిద్దరినీ తీసుకెళ్ళండి. నేను ఇక్కడే బాగుంటాను.

మీ మామ


జులై 8

మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. కోపంతో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

నేను ఏ గదీ ఎవరికీ అద్దెకివ్వలేదు. ఆ టీచరమ్మ బోర్డు మీద అంకెలు తప్ప ఏదీ సరిగ్గా చూడలేదు. ఆ గది సంగతి కాగితం మీద వద్దు, మీరొచ్చాక మాట్లాడదాం.

పద్ధతి అన్నారు. మా ఇళ్ళల్లో పద్ధతి ఏమిటో చెప్తాను. ఆడపిల్లని తండ్రే స్వయంగా తీసుకొచ్చి దిగబెడతాడు. అల్లుడు తీసుకెళ్ళడానికి వెళితే, ఇంకా పంపలేదేమని నిలదీసినట్టు ఉంటుంది, మామగారి మర్యాదకి తక్కువ. ఆ భయంతోనే నేను రాలేదు. జూన్ అని రాసినా మీరు ముందే దిగబెడతారేమోనని ఏప్రిల్ నుంచి ప్రతి శనివారం, మీ గురువారం బస్సు ఇక్కడికి చేరే వేళకి, బస్టాండుకి వెళుతున్నాను. టికెట్లిచ్చేవాడికి నేను తెలిసిపోయాను. "ఇవాళా రాలేదా?" అని బస్సు ఆగకముందే అడుగుతాడు. పద్నాలుగు శనివారాలు, మామగారూ. లెక్క మీకిష్టం కదా.

ఆవిడకి నేనంటే ఇంకా అసహ్యమైతే ఆ మాటే రాయండి, భరిస్తాను. నేను రాసిన చీటీ విప్పనైనా విప్పలేదు. కోపం ఆరనివ్వమన్నారు, ఏడు నెలలు ఆరనిచ్చాను. ఇస్త్రీ పెట్టె కూడా ఈపాటికి చల్లారుతుంది. నా పెళ్ళాన్నీ పిల్లనీ మీరే పంపడం లేదేమోనని మొన్న మొదటిసారి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుగా ఉంది. రాసినందుకు మాత్రం లేదు.

మీ అల్లుడు


జులై 18

అల్లుడుగారికి,

మీ ఉత్తరం నా చేతికి రాలేదు. షాపు ఆవిడ దాన్ని కింద ఇస్త్రీ బల్ల దగ్గరే మా అమ్మాయికిచ్చింది. కోటు ఒకటి మాడిన వాసన వచ్చి నేను కిందికి దిగేసరికి మా అమ్మాయి నిలబడి చదువుతోంది, ఇస్త్రీ పెట్టె కోటు మీదే ఉంది. అది జడ్జిగారి కోటట. అది వేరే గొడవ.

చదవడం అయ్యాక, "నాన్నా, నేను చీటీ విప్పలేదా?" అంది.

నేను వంగి కోటు మీదున్న ఇస్త్రీ పెట్టె తీసి పక్కన పెట్టాను.

దాచి లాభం లేదు, అల్లుడుగారూ. చీటీ ఇచ్చిన రోజే విప్పింది. అక్కడే నిలబడి మూడుసార్లు చదివింది. దిండు కింద పెట్టుకుంది, ఇప్పటికీ అక్కడే ఉంది. "ఒట్టేశాను కాబట్టి నేను రాయను. నువ్వు రాయి. కోపం పోయిందని, జాగ్రత్తగా ఉండమని, రాగలిగిన రోజు వచ్చెయ్యమని రాయి" అని నాతో అంది. డిసెంబరు ఒకటో తారీఖున అంది. రెండో తారీఖున నేను కూర్చుని కోపం తగ్గలేదని రాశాను.

ఎందుకు రాశావు అని నిన్న రాత్రి నుంచీ అడుగుతోంది. మొదట, మీకు ధైర్యం చెదురుతుందని అన్నాను. నమ్మలేదు. తర్వాత, ఆడపిల్ల విలువ నిలబెట్టాలని అన్నాను. "నా విలువ సంగతి నేను చూసుకుంటాను" అంది. చివరికి నిజం చెప్పాను. మీకూ చెప్తున్నాను.

ఆ ఇంట్లో ఆరేళ్ళున్నాను. మీరు ఒక్కరోజు కూడా చిన్నబుచ్చలేదు. కాని మర్యాద మనిషి పనివాడితో కూడా మర్యాదగానే ఉంటాడు, దాన్ని బట్టి నాకేం తెలుస్తుంది? ఇక్కడికొచ్చాక నేనొక ఇంటి పెద్దనయ్యాను. నా కూతురు, నా మనవరాలు, నేను తెచ్చిన బియ్యం. మీ కోపాలు చల్లారితే మీరిద్దరూ ఒకటవుతారు, నన్నొక మూటలా బస్సెక్కిస్తారు, లేదా ఎక్కించరు. అది ఎంత ఆలస్యమైతే అంత మేలు అనిపించింది. మీరు యుద్ధంలో ఉన్నారు, నేను ఇది చేశాను. ముప్ఫై ఏళ్ళు ఇరవై గ్రాముల తేడాకి దుకాణాలు మూయించిన మనిషిని.

మా అమ్మాయి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సూట్‌కేసు మళ్ళీ సర్దింది. ఇవాళ పొద్దున పిడుగుని తీసుకుని గురువారం బస్సెక్కింది. "దిగబెట్టడాలూ లేవు, తీసుకెళ్ళడాలూ లేవు. మీ ఇద్దరి మర్యాదలూ మంటల్లో పడ, నాకు రెండు కాళ్ళున్నాయి" అని వెళ్ళిపోయింది. పిడుగు మాత్రం కిటికీలోంచి "తాతా, నువ్వు తర్వాత బస్సుకి వస్తావుగా?" అని అరిచింది. వస్తానన్నాను.

ఈ ఉత్తరం కన్నా ముందే వాళ్ళు చేరతారు. ఆదివారం హాస్టలుకి మారుతున్నాను. నా సామాన్లు అక్కడున్నవి ఎవరికైనా ఇచ్చెయ్యండి.

మామ


జులై 25

మామగారికి నమస్కారాలు.

వాళ్ళు దిగినప్పుడు నేను బస్టాండులో లేను. శనివారాలే వెళ్ళేవాణ్ణి, ఈసారి బస్సు ఒకరోజు ఆలస్యంగా ఆదివారం చేరింది. ఆవిడ తిన్నగా ఆస్పత్రికే వచ్చి, లిఫ్టు గుంతలో ఉన్న నన్ను పైనుంచి పేరు పెట్టి పిలిచింది. పైకొచ్చేదాకా మాట్లాడలేదు. పైకొచ్చాక ఆపలేదు. అందులో మీ వాటా సగం, నా వాటా సగం. తర్వాత బస్టాండులో సూట్‌కేసు మరిచిపోయానని ఆవిడకి గుర్తొస్తే, దానికోసం పరిగెత్తాను.

ఇంటికొచ్చాక హాల్లో మీ మంచం, మీ పుస్తకాల పెట్టె చూసింది. "అద్దెకిచ్చావా?" అంది. వెళ్ళి మీ గది తలుపు తీసింది.

ఇప్పుడు మీకూ చెప్పాలి. డిసెంబరు ఇరవయ్యో తారీఖున ఒక ఫిరంగి గుండు వచ్చి మన బిల్డింగు మూలకి తగిలింది. ఇంట్లో మూడు గదుల్లో పోయింది మీ గది ఒక్కటే. బయటి గోడ మొత్తం, కిటికీతో సహా, వీధిలోకి జారిపోయింది. మీరు బోల్టు గురించి రాసిన ఉత్తరం నాకు ఆ మర్నాడు అందింది. ఏం రాయను? మిగతా ఇల్లంతా బాగుంది, మీ చోటు మాత్రం లేదు అని రాస్తే, మీరు దాన్ని ఎలా చదువుతారో నాకు తెలుసు. ఆరేళ్ళు చూశాను మిమ్మల్ని. ఆఖరి రొట్టెముక్క ఉంటే ఆకలి లేదని లేచిపోయే మనిషి మీరు. అందుకని ముందు గోడ కట్టి, తర్వాత పిలుద్దామనుకున్నాను.

తాపీవాళ్ళు దొరకలేదు, అందరూ ఆస్పత్రి పనిలోనే ఉన్నారు. ఇద్దరు డ్యూటీ అయ్యాక వచ్చి గంటసేపు చేసి వెళ్ళేవారు. టీచరమ్మ చూసింది వాళ్ళనే. గోడ పడ్డ సంగతి మీకు రాయొద్దని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాను, అద్దెకని మాత్రం ఆవిడే ఊహించుకుంది. మిగతాది వీధిలో పడ్డ ఇటికలే ఏరుకొచ్చి నేనే కట్టాను. అందుకే ఏప్రిల్‌లో రమ్మనకుండా జూన్ అన్నాను, జూన్ వచ్చాక నోరుమూసుకున్నాను. గోడ ఇప్పుడు మెడ ఎత్తు వరకూ వచ్చింది. వంకరగా ఉంది. మీరు తాడుకి గుండు కట్టి వేలాడదీస్తే నాలుగు వేళ్ళ తేడా కనిపిస్తుంది. కిటికీకి జాగా వదలడం మరిచిపోయి ఒకసారి పగలగొట్టాను కూడా.

ఆవిడ ఆ గోడ చూసి గడప మీద కూర్చుంది. "ఏడు నెలలు వాడు నన్ను ఇక్కడికి రాకుండా ఆపింది నీ ఇంట్లో చోటుండదని, నువ్వు నన్ను ఇక్కడికి రాకుండా ఆపింది వాడికి చోటు కట్టడానికా?" అంది. అవునన్నాను. మిమ్మల్ని వాడు అంది, మన్నించండి, నన్ను అంతకన్నా హీనంగా అంది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మీరు చేసిన పనికి నాకు కోపం లేదని రాయను. ఉంది. ఆ చీటీ విప్పలేదన్న మాట పట్టుకుని నేను చలికాలమంతా గడిపాను. మీరు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాను, మీరు తల దించుకుని వినాలి. మర్యాద చెయ్యను. కాని దానికి మీరు ఇక్కడుండాలి.

పెద్ద డాక్టరుని ఈసారి సెలవు అడగలేదు, వెళుతున్నానని చెప్పాను. రేపటి బస్సెక్కుతున్నాను. హాస్టలు చిరునామా పిడుగు చెప్పింది, మీరు దాన్ని అక్కడికి తీసుకెళ్ళి మంచాల మధ్య అడుగులు లెక్కపెట్టించారట. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వస్తున్నాను. ఈ ఉత్తరం లారీవాడికిస్తున్నాను, నాకన్నా ముందొస్తే మీరు పారిపోకుండా ఉండటానికి.

ఇక ఆవిడ పక్కన నిలబడి రాయమన్న మాటలు. అక్షరం కూడా మార్చలేదు, ఆవిడే చదివి చూసింది:

"నాన్నా, నీ గదికి గోడ సగమే ఉంది. వచ్చి ఆ మిగతా సగం నీకు నచ్చినట్టు తిన్నగా కట్టుకో. పిల్లకి తర్వాత బస్సుకి వస్తానని చెప్పావట. ఈ ఇంట్లో ఆ మాట ఒకసారి విన్నాను, రెండోసారి వినను."

మీ అల్లుడు